ఆంగ్లపు పరుగు – తెలుగు నడక

సిరిసిల్లలో ఒక ప్రభుత్వ పాఠశాలకు పోయినప్పుడు ఏడవ తరగతి పిల్లల ఇంగ్లీషు జవాబు కాగితములు కొన్ని నా చేతికి వచ్చినవి. ఒక చిన్న వాక్యమిచ్చి, అందులో గీత గీసిన పదమునకు తెలుగు అర్థము వ్రాయుమని ప్రశ్న. ఆ వాక్యము ‘మై మదర్ రన్స్ ఎ స్మాల్ షాప్’ అనునది. గీత ‘రన్స్’ క్రింద ఉన్నది. ముప్పదిమంది పిల్లలు ‘పరుగెత్తు’ అని వ్రాసినారు. ఒక్క పిల్లవాడు మాత్రము ‘నడుపు’ అని వ్రాసినాడు. ముప్పదిమందికీ మార్కు వచ్చినది. ఆ ఒక్కనికి ఎర్రసిరా గీత వచ్చినది.

ఉపాధ్యాయుని అడిగినాను. ఆయన పని దొంగ కాడు. పిల్లలమీద ప్రేమ ఉన్నవాడు. కొంచెము ఇబ్బందిపడి, ‘కీలో అట్లనే ఉన్నది సార్. బోర్డుమీద మేము రాయించిన మీనింగు కూడ అదే’ అన్నాడు. పిల్లవానిని పిలిపించి, ఎందుకట్లు వ్రాసినావని అడిగినాను. వాడు తల వంచుకొని, తప్పు ఒప్పుకొనువాని గొంతుతో, ‘మా అమ్మ దుకాణం నడుపుతది సార్. దుకాణం ఉరుకుతదా?’ అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా దినములు వెంబడించినది. చదువు చెప్పువారికిని, చదువుకొనువారికిని దానిని నివేదింపవలెననియే ఈ వ్యాసము.

మొదట పిల్లవాని పక్షమున తీర్పు చెప్పవలె. వాడు వ్రాసినదే సరియైన అర్థము. ఆ వాక్యములోని తల్లి ఎక్కడికీ పరుగెత్తుట లేదు. ఆమె దుకాణములో కూర్చుండి ఉప్పు తూచి ఇస్తున్నది, చిల్లర లెక్కపెడుతున్నది. ముప్పదిమంది పదమును చదివినారు. వాక్యమును చదివినవాడు వీడొక్కడే. ఇంకొక సంగతి. వాడు తన ప్రశ్నలో ‘పరుగెత్తు’ అను మాటనైనా వాడలేదు, ‘ఉరుకు’ అన్నాడు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పిల్లలు ఉరుకుతారు. పరుగెత్తుట పుస్తకములోని మాట. అనగా బోర్డుమీది అర్థము వానికి ఒక పరాయి మాటను మరియొక పరాయి మాటతో ముడివేసి ఇచ్చినది. ‘ఉరుకు’ అన్నది నాగరకము కాని మాట అని కొందరనుకొందురు. అది పొరపాటు. శకటరేఫముతో ‘ఉఱుకు’ అని మన ప్రాచీన కావ్యములలో ఉన్నది. వేయి యేండ్ల మాటను ఇంటిలో వాడుకొనుచున్న బిడ్డ బడిలో దానిని దాచుకొనవలసి వచ్చుట మన దురదృష్టము.

ఇక ‘రన్’ సంగతి. చూచుటకు మూడక్షరముల చిన్న క్రియ. కాని దాని సంసారము చాలా పెద్దది. ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు మొదటి భాగము 1884లో వెలువడి, గ్రంథమంతయు 1928లో పూర్తియైనది. అందులో అన్నిటికంటె పొడుగైన పదము ‘సెట్’ అనునది. ఆ నిఘంటువును మరల సంస్కరించుచున్న పండితులు ‘రన్’ వద్దకు వచ్చునప్పటికి అది ‘సెట్’ను మించిపోయినది. పీటర్ గిలివర్ అను నిఘంటుకారుడు ఈ ఒక్క పదముమీద తొమ్మిది నెలలు పనిచేసినట్లును, క్రియగా దీనికి 645 అర్థములు తేలినట్లును 2011లో పత్రికలలో వచ్చినది. యంత్రములు పెరిగినకొలది ఈ క్రియకు పని పెరిగినది. బండి, మిల్లు, గడియారము, కంప్యూటరు, ఏది కదిలినను, ఏది పనిచేసినను ఇంగ్లీషువాడు ‘రన్’ అన్నాడు.

ఈ 645 అర్థములు ఏడవ తరగతి పిల్లవానికి చెప్పవలెనని ఎవరూ అనరు. చెప్పవలసినది వేరొకటి ఉన్నది. ఇంగ్లీషు ఒక్క ‘రన్’తో గడుపుకొను పనులను తెలుగు నాలుగైదు క్రియలకు పంచియిచ్చినది. ఆ క్రియలన్నియు మన పిల్లలకు బడికి రాకముందే తెలుసును. వారికి తెలియనిది అవి ‘రన్’ అను ఒక గొడుగు క్రిందికి వచ్చునను మాట ఒక్కటే. ఆ మాట చెప్పుట గురువు పని. మన మూడు ఊళ్లలోనే నడచుచు ఆ క్రియలను చూతము.

సిరిసిల్ల సాంచాల ఊరు. పత్రికలవారు మరమగ్గము అంటారు; నేసేవాడు సాంచె అంటాడు. ‘సాంచె నడుస్తున్నది’ అంటే అక్కడ ఆనాటికి అన్నమున్నట్లు. ‘సాంచాలు బందైనయి’ అంటే లేనట్లు. 2017లో బతుకమ్మ చీరలు నేయు పని ఆ ఊరికి వచ్చినప్పుడు సాంచాలు రాత్రింబవళ్లు నడిచినవి. ఆ సాంచె ఇంగ్లీషులో ‘రన్’ అవుతుంది. మనకు నడుస్తుంది. అట్లే గడియారము నడుస్తుంది, బడి నడుస్తుంది, బస్సు నడుస్తుంది, చీటీ నడుస్తుంది, పేరున్న దుకాణము బాగా నడుస్తుంది. ఇంగ్లీషువాడు పరుగెత్తించిన ప్రతిదానిని తెలుగువాడు నడిపించినాడు.

ఇక్కడ వ్యాకరణపు మేలు ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో సాంచె తాను నడిచినను ‘రన్’, మనిషి దానిని నడిపినను ‘రన్’. రూపము మారదు. తెలుగులో నడుచు వేరు, నడుపు వేరు. ఆడు వేరు, ఆడించు వేరు. పారు వేరు, పారించు వేరు. మన పిల్లవాడు ‘నడుపు’కు ఇంగ్లీషు వెదుకునప్పుడు ‘రన్’ చాలదనుకొని దానికి ముందు ‘మేక్’ తగిలిస్తాడు. తప్పు వాని తెలివితక్కువతనమువల్ల వచ్చినది కాదు, తెలుగు వ్యాకరణము వానికి బాగుగా వచ్చుటవల్ల వచ్చినది. ‘మన రెండు మాటలకు వారికి ఒక్కటే మాట చాలును’ అని ఒక్క ముక్క చెప్పిన ఆ తప్పు ఆ నాడే పోవును.

సాంచె ఆగుటకు ఎక్కువసార్లు కారణము కరెంటు పోవుట. ఈ ‘కరెంటు’ అను మాటను మనము ఎంతగా సొంతము చేసికొన్నామనగా, ‘విద్యుత్తు పోయింది’ అన్న ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. దాని పుట్టుక లాటిన్ భాషలో. అక్కడ ‘కుర్రెరె’ అనగా పరుగెత్తుట. ఆ ధాతువునుండి వచ్చిన ‘కరెంటు’ అనగా పరుగెత్తునది, పారునది అని అర్థము. ఉపాధ్యాయులు దినమంతయు జపించు ‘కరిక్యులమ్’ కూడ ఆ యింటి బిడ్డయే. పందెపు గుఱ్ఱములు పరుగెత్తు బాట అని దాని మొదటి అర్థము. నేటి పాఠ్యప్రణాళికలను చూచినచో ఆ మొదటి అర్థము ఇంకను పోలేదేమో అనిపించును.

సిరిసిల్లనుండి కోరుట్లకు పోదము. అక్కడ నీటి మాట చెప్పవలె. పోచంపాడువద్ద శ్రీరామసాగరము ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసినారు. అక్కడినుండి బయలుదేరిన కాకతీయ కాలువ జగిత్యాల జిల్లా భూములను తడుపుచు కరీంనగరు వైపు పోతుంది. కాలువ నీరు ఇంగ్లీషులో ‘రన్’ అవుతుంది. మన రైతుకు పారుతుంది. ‘కాలువ పారుతున్నది, పసుపుకు నీళ్లు కట్టవలె’ అంటాడు. బోరు విషయములో ఇంగ్లీషువాడు ‘రన్ డ్రై’ అంటాడు. ఎండుటలో కూడ వానికి పరుగే కనబడినది. మనవాడు ‘బోరు ఎండింది’ అని ఊరుకుంటాడు.

ఈ ‘పారు’ను కొంచెము ఆగి చూడవలె. ‘పారిపోయినాడు’ అన్నప్పుడు మనము నీటిమాట చెప్పుట లేదు గదా! పూర్వము ‘పాఱు’ అనగా పరుగెత్తుట, ప్రవహించుట, రెండును. ‘పాఱుతెంచినాడు’ అన్న ప్రయోగము పురాణము విన్నవారికి క్రొత్తది కాదు. జర్మను, ఇంగ్లీషు భాషలకు మూలమైన పాతభాషలో కూడ ‘రిన్న్’ అను ధాతువునకు పరుగెత్తుట, పారుట అను రెండర్థములున్నవి. ‘రన్’ ఆ ధాతువునుండి వచ్చినదే. ఎక్కడి గోదావరి, ఎక్కడి రైను నది! మనిషి కాళ్లకును ఏటి నీటికిని ఒకే మాట చాలునని ఇరువురకును తోచినది. ‘రన్’కు సరియైన అన్నదమ్ముడు తెలుగులో ఉన్నాడనుకొంటే అతడు ‘పరుగెత్తు’ కాదు, ఈ ‘పాఱు’ అనవలె. ఈ మాట పిల్లలకు చెప్పిచూడండి. వారి కన్నులలో వెలుగు మీకే కనబడును.

చిన్నవి మరికొన్ని. జలుబు చేసినప్పుడు ఇంగ్లీషువాని ముక్కు పరుగెత్తుతుంది. మన ముక్కు కారుతుంది. ఉతికినప్పుడు వాని గుడ్డలో రంగు పరుగెత్తుతుంది. మన చీర రంగు దిగుతుంది, లేదా పోతుంది. కోరుట్లకు, మెట్‌పల్లికి దగ్గరలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడినది. చెరకు రైతులు దానిని మరల నడిపించవలెననియే కోరినారు. పరుగెత్తించుమని ఎవరును కోరలేదు. ఆ కోరికను ఇంగ్లీషులో విన్నపముగా వ్రాయవలసి వచ్చిననాడు ఆ రైతు కొడుకుకు ‘రన్’ అను మాట తట్టునా? ‘రన్ అనగా పరుగెత్తు’ అని కంఠస్థము చేసినవానికి తట్టదు. వాడు నిఘంటువులో ‘నడుపు’ కొరకు వెదకి, ‘వాక్’ దగ్గర ఆగిపోవును.

ఇక జగిత్యాల. అక్కడ సినిమా నూరు రోజులు ఆడినదంటాము. అది ఇంగ్లీషులో నూరు రోజులు ‘రన్’ అయినది. గానుగ ఆడుట, ఊపిరి ఆడుట, చేయి ఆడుట, ఇన్ని ఆటలు మన భాషలో ఉన్నవి. ఎన్నికల కాలమున మాట ఇంకను తమాషాగా ఉండును. అమెరికావారు ఎన్నికలలో పరుగెత్తుదురు. ఇంగ్లండువారు మనవలెనే నిలబడుదురు. ఇంగ్లీషు ఒక్కటే అయినను, సముద్రమునకు ఈవలివారు నిలబడిన పనికే ఆవలివారు పరుగెత్తుచున్నారు! కావున ‘ఇంగ్లీషులో ఇట్లే అనవలె’ అని బెత్తము చూపుటకు ముందు ఏ ఇంగ్లీషులో అని అడిగికొనుట మంచిది.

పెద్దపల్లి–నిజామాబాదు రైలు మార్గము 2017లో పూర్తియై జగిత్యాల, కోరుట్లలమీదుగా రైలు నడుచుచున్నది. ఆ రైలు ఆలస్యమైనచో స్టేషనులో ఇంగ్లీషు ప్రకటన ‘రన్నింగ్ లేట్’ అని వినబడును. పరుగెత్తియు ఆలస్యమగుట ఎట్లో ఆలోచించిన నవ్వు వచ్చును. ‘ఆలస్యముగా నడుచుచున్నది’ అన్న మన మాటలో ఆ చిక్కు లేదు.

ఇదంతయు చూచి, ‘ఇంగ్లీషువాడు చురుకైనవాడు కనుక పరుగెత్తినాడు, మనము సోమరులము కనుక నడిచినాము’ అని సిద్ధాంతము చేయువారు ఉందురు. అది తొందరపాటు. జగిత్యాల కోటను ఫ్రెంచి ఇంజినీర్లు కట్టినారని ప్రతీతి. ఆ ఫ్రెంచివారి భాషలో యంత్రము ‘మార్ష్’ అవుతుంది, అనగా నడుస్తుంది. యంత్రములు చేయుటలో వారు ఎవరికి తీసిపోయినారు? మన ఇరుగుపొరుగున వినబడు ఉర్దూలో దుకాణము, బండి, ప్రభుత్వము, అన్నియు ‘చల్’ ధాతువుతో నడుచునవే. ఏ జాతి తన పనులను ఏ కదలికతో పోల్చుకొన్నదన్నది దాని సొంత వ్యవహారము. మనము నడకను గొప్పగా చూచినాము. నడత, నడవడి అన్నప్పుడు మనిషి గుణమును అతని నడకతోనే కొలిచినాము. పరుగును తొందరకును, భయమునకును, ఆశకును ఉంచినాము. ‘పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు’ అన్న సామెత వాడిన జాతి, దుకాణమును పరుగెత్తించునా?

ఇంటిలోపలికి పోయినచో భేదము మరింత లోతుగా కనబడును. బియ్యము అయిపోయినప్పుడు ఇంగ్లీషు గృహిణి ‘రన్ అవుట్’ అంటుంది. బియ్యము పరుగెత్తి బయటికి పోయినట్లు. మన తల్లి ‘బియ్యము నిండుకొన్నవి’ అంటుంది. లేమిని లేమి అనుటకు నోరు రాక, నిండుదనముతో కప్పిన మాట అది. ఇంగ్లీషువాడు ఇంటిని ‘రన్’ చేస్తాడు. మనవారు సంసారమును ఈదుతారు, నెట్టుకొస్తారు. వాడు అప్పులలోనికి పరుగెత్తుతాడు, మనవాడు అప్పులపాలవుతాడు. ఈ మాటల వెనుక ఉన్న బ్రతుకు ‘పరుగెత్తు’ అను ఒక్క సమానార్థకములో పట్టునా? ‘బియ్యము నిండుకొన్నవి’ అను వాక్యమును ఇంగ్లీషులో చెప్పగలిగిన పిల్లకు రెండు భాషలును వచ్చినవని నేను ఒప్పుకొంటాను. రన్–ర్యాన్–రన్ అని మూడు రూపములు గడగడ అప్పగించినంతమాత్రాన ఒప్పుకొనలేను.

ఇది పండితుల వినోదము కదా, దీనికింత పంతమెందుకు అని అడుగవచ్చును. పంతము ఉన్నది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. అనగా ‘రన్’ ఇప్పుడు ఇంగ్లీషు పాఠములోనే లేదు. సామాన్యశాస్త్రములో విద్యుత్తు ‘రన్’ అవుతుంది. సాంఘికశాస్త్రములో నది ‘రన్’ అవుతుంది, ప్రభుత్వమును ఎవరో ‘రన్’ చేస్తారు. లెక్కలలో గీత ఒక బిందువునుండి మరియొక బిందువునకు ‘రన్’ అవుతుంది. ఒక్క మాటకు ఒక్క అర్థము చాలునని నేర్చిన పిల్లకు ఒక్క పాఠము కాదు, అన్ని పాఠములును మూతబడును. సాంచె నడుపు తండ్రికి, బీడీలు చుట్టు తల్లికి పుట్టిన బిడ్డకు ఇంటివద్ద ఇంగ్లీషు చెప్పువారు లేరు. వానికి ఉన్న ఒకే పెట్టుబడి వాని తెలుగు. ఆ పెట్టుబడిని ఎర్రసిరాతో కొట్టివేసినచో వాడు ఏమి పెట్టి వ్యాపారము చేయును?

ఈ కష్టము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. నిజాము పాలనలో మన తాతలు ఉర్దూలో చదువుకొన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతోనే వెలసినది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, కచేరీ భాష మరియొకటి అయిన కాలమది. ఆ కాలమునుండి మనకు మిగిలిన మాట ‘జారీ’. ‘హుకుము జారీ అయినది’ అంటాము. అరబ్బీలో ‘జారీ’ అనగా పరుగెత్తునది, పారునది అనియే. ఆ మాటకు మూలమేమో ఎరుగకపోయినను మన పెద్దలు దానిని తప్పు లేకుండ వాడినారు. వారు దానిని పదముల పట్టికలో నేర్చుకొనలేదు. నోటీసు చేతికి వచ్చినప్పుడు, వాక్యములో నేర్చుకొన్నారు. భాష నేర్చుకొను దారి అది.

ఇప్పటి నోటీసులు గల్ఫునుండి వచ్చును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలనుండి ఎన్ని కుటుంబముల మగవారు దుబాయి, మస్కటు, సౌదీలకు పోయినారో ఈ పత్రిక చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. కూలి ఒప్పందములో ఒక మాట ఉండును: కాంట్రాక్టు రెండేండ్లు ‘రన్’ అగునని. అక్కడ పరుగు లేదు, నడక కూడ లేదు; రెండేండ్లు చెల్లునని అర్థము. ఎప్పటినుండి ‘రన్’ అగునో తెలిసికొనక సంతకము చేసినవాడు నెలల జీతము పోగొట్టుకొనవచ్చును. దానికంటె భయంకరమైనది ‘రన్ అవే’. జీతమియ్యని యజమానిని విడిచి వేరొకచోట పనిలో చేరిన కూలివానిని సౌదీలో ‘హురూబ్’ అని వ్రాయించు పద్ధతి చాలా ఏండ్లు నడిచినది. ఆ అరబ్బీ మాటకు పారిపోవుట అని అర్థము. తన కష్టార్జితము అడుగబోయినవాడు కాగితములలో పారిపోయినవాడైనాడు. అట్లు కాగితములు లేక మిగిలినవారిని మనవారు ‘ఖల్లివెల్లి’ అని పిలుచుకొనిరి. వాడు పారిపోయినాడా, వెళ్లగొట్టబడినాడా అన్న భేదము ఒక క్రియలో ఉన్నది. ఆ క్రియమీద ఒక మనిషి జైలో, ఇల్లో ఆధారపడి ఉన్నది. క్రియల అర్థములు మార్కులకు మాత్రమే పనికివచ్చునని ఎవరనగలరు?

ఉపాధ్యాయులకు చేయు మనవి కొద్దిది. పదమునకు ప్రక్కన రెండు గీతలు గీచి తెలుగు మాట వ్రాయు అలవాటు మానవలె. పదము వ్రాయుటకు బదులు వాక్యము వ్రాయవలె. ‘దీనిని మీ ఇంటిలో ఎట్లంటారు?’ అని అడుగవలె. సాంచె ఇంటిబిడ్డ ఒక మాట చెప్పును, రైతుబిడ్డ ఒక మాట చెప్పును, దుకాణదారుని కొడుకు ఒక మాట చెప్పును. ‘నడుస్తంది’ అన్నను, ‘నడుచుచున్నది’ అన్నను అర్థము ఒక్కటే గనుక వానిని మొదట మెచ్చుకొని, వ్రాతరూపము తరువాత దిద్దవచ్చును. ఇప్పటి పాఠ్యపుస్తకములు చాలవరకు ద్విభాషా పుస్తకములు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. ఆ తెలుగు పుట తెరువక పోవుటకు ముద్రింపలేదు. రెండు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి, ‘ఇక్కడ రన్ ఉన్నది, అక్కడ ఏమున్నది?’ అని అడుగుట కంటె మంచి పాఠము నాకు తెలియదు.

దీనికి ఆక్షేపణ ఉన్నది. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడినచో పిల్లలు ఇంగ్లీషులో ఆలోచించుట నేర్వరని పెద్ద పెద్దవారు చెప్పినారు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. తరగతియంతయు తెలుగులో నడిపి ఇంగ్లీషు నేర్పితిమనుట ఈతను గట్టుమీద నేర్పినట్లు. కాని ఇచ్చట నేను అడుగుచున్నది ఒక్క నిమిషపు తెలుగు. పైగా, బోర్డుమీద ‘పరుగెత్తు’ అని వ్రాసిననాడే తెలుగు తరగతిలోనికి వచ్చినది. అయితే తప్పు తెలుగు వచ్చినది. వచ్చుట తప్పనప్పుడు సరియైనదే రావలెనని నా వాదము. ఇంకొక ఆక్షేపణ నాకు నేనే చెప్పుకొంటాను. ఈ నడుచు, పారు, ఆడు, నిలుచు, చెల్లు అనువానిని ఒక పట్టికగా వ్రాయించి కంఠస్థము చేయించినచో పాత రోగమే క్రొత్త పేరుతో వచ్చును. పట్టిక వద్దు. వాక్యము వచ్చినప్పుడు మాట రావలె.

ఏ అర్థము ముందు, ఏది వెనుక అన్న చింత కూడ అక్కరలేదు. బంగాళాదేశములో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి అనుభవము గడించిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన ఇంగ్లీషు పదపట్టికలో ఒక్కొక్క పదమునకు ఏ అర్థము ఎంత తరచుగా వచ్చునో కూడ చూపినాడు. పదము తెలియుట అనగా దాని అర్థములు ఎక్కడెక్కడ వచ్చునో తెలియుట అన్న సంగతి విద్యావేత్తలకు అంత పాతది. హైదరాబాదులోనే 1958లో ఇంగ్లీషు బోధనకు కేంద్ర సంస్థ ఏర్పడినది. 2007నుండి అది కేంద్రీయ విశ్వవిద్యాలయము. తెలిసిన సంగతి ఇన్నేండ్లైనను సిరిసిల్ల బోర్డుమీదికి రాకపోవుటయే విచారము. ప్రశ్నపత్రములకు జవాబులు తయారుచేయు పెద్దలు ‘వాక్యమునుబట్టి సరియైన ఏ అర్థమునకైనను మార్కు ఇయ్యవలె’ అను ఒక్క వాక్యము చేర్చిన చాలును. దానికి ఖర్చు లేదు.

విద్యార్థులకు ఒక మాట. బ్రౌను దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించినాడు. అతడు మన మాటలను నేర్చుకొనుటకు మన వాక్యములను వెదకినాడు. మీరును అట్లే చేయండి. ఇంగ్లీషులో చిన్న క్రియ కనబడినప్పుడు దానిని నమ్మవద్దు. చిన్న క్రియలే పెద్ద మోసగాండ్లు. అర్థము తెలిసిన మాటయే కదా అని దాటిపోక, ఈ వాక్యములో దానికి మా అమ్మ ఏమనునో అని ఒక్కసారి అనుకొనండి. అమ్మ మాట తట్టినచో అర్థము తెలిసినట్లే. తట్టనిచో నిఘంటువు తెరువండి. మొదటి అర్థమువద్ద ఆగక, ఉదాహరణ వాక్యములవరకు పోండి. మీ మాట బడిలో ఎవరైన నవ్వినచో సిగ్గుపడకండి. ‘దుకాణం ఉరుకుతదా?’ అన్న పిల్లవాడు నిఘంటుకారులు నెలల తరబడి కూర్చుండి తేల్చిన భేదమును క్షణములో పట్టినాడు.

ఆ దినము ఆ ఉపాధ్యాయుడు కాగితము నా చేతినుండి తీసికొని, ఎర్రగీతను కొట్టివేసి, పిల్లవానికి మార్కు వేసినాడు. వాడు కాగితము చూచుకొనుచు బయటికి ఉరికినాడు. మిగిలిన ముప్పదిమందికి వేసిన మార్కులు ఏమి చేయవలెనో ఆయనకు తోచలేదు. నాకును తోచలేదు.